దయ నేర్పే ఇళ్ళు

పిల్లలకి ఇంట్లో ఏం నేర్పాలి అన్న ప్రశ్న వచ్చిందంటే, నేర్పాల్సింది అమ్మే అని అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఆదివారం అనుబంధాల్లో పిల్లల పెంపకం పేజీలు తిరగేయండి. అమ్మలూ, మీ చిన్నారులకి వైవిధ్యం గురించి చెప్పండి, అందర్నీ కలుపుకుపోవడం అలవాటు చేయండి, దయ నేర్పండి... ఇదీ వరస. పక్కన ఒక బొమ్మ. నవ్వుతున్న తల్లి, ఒళ్ళో పుస్తకం, పుస్తకంలో రకరకాల రంగుల పిల్లలు. అందర్నీ కలుపుకుపోయే ఆ బొమ్మలో తండ్రికి మాత్రం చోటుండదు. ఆయన ఆఫీసులో ఉన్నాడనుకోవాలి.

ఈ పాఠాలతో నాకు రెండు తగాదాలున్నాయి. ఒకటి, ఆ పని ఎవరి నెత్తిన పెడుతున్నారన్నది. రెండు, అసలు నేర్పుతున్నదేమిటన్నది. మొదటి దాని గురించి స్త్రీవాదులుగా మనం చాలా రాశాం, చాలా మాట్లాడాం. రెండోదాని దగ్గరికొచ్చేసరికి గొంతు కాస్త తగ్గుతుంది. ఎందుకంటే అక్కడ నిలదీయాల్సింది అత్తగారినో మొగుణ్ణో ప్రభుత్వాన్నో కాదు, మన వంటిళ్ళని. 'మన' అన్నాను గానీ ఆ 'మన'లో నేనెంతవరకు ఉన్నానో కాసేపాగి చెప్తాను.

మొన్నామధ్య హైదరాబాదులో ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలో పిల్లలకి కథలు చెప్పమని పిలిచారు. అక్కడ 'దయ వారం' జరుగుతోంది. చదువుకున్న తల్లులు, కొందరు నా వ్యాసాలు చదివినవాళ్ళు కూడా, ఎంతో శ్రద్ధగా చేస్తున్నారు. హాల్లో ఒక గాజు సీసా పెట్టారు. ఆ రోజు ఎవరైనా మంచిపని చేస్తే చీటీ మీద రాసి అందులో వేయాలి. చివర్లో చీటీలు తీసి చదివారు. వాచ్‌మన్ అంకుల్‌కి బిస్కెట్లు ఇచ్చాను. పనమ్మాయి కూతురికి నా పాత బొమ్మలిచ్చాను. వీధికుక్కకి పాలు పోశాను. అనాథాశ్రమంలో దుప్పట్లు పంచాం. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను చీటీలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒక్క దయ కూడా పైకిగానీ పక్కకిగానీ పోలేదు. అన్నీ కిందికే పోయాయి. వాచ్‌మన్, పనమ్మాయి కూతురు, వీధికుక్క ఒకే సీసాలో పడ్డారు. ఎనిమిదేళ్ళ పిల్లలకి ఆ వరసని ఎవరూ కూర్చోబెట్టి నేర్పి ఉండరు. అయినా ఒక్కళ్ళూ తప్పు రాయలేదు. ఎవరి మీద దయ చూపాలో వాళ్ళకి బాగా తెలుసు.

హాలు బయట రెండు లిఫ్టులున్నాయి. ఒకదాని మీద పనివాళ్ళకి మాత్రమే అని రాసి ఉంది. దయ గురించి ఎంత బాగా చెప్పినా పిల్లలు రోజుకి నాలుగుసార్లు చదివే పాఠం అది.

ఇంట్లో పిల్లలకి మనం పాఠం చెప్పడం మొదలుపెట్టకముందే భాష చెప్పేస్తుంది. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి నా చూపు ముందు అక్కడికే పోతుంది. తెలుగు పిల్లకి మూడేళ్ళొచ్చేసరికి 'నువ్వు', 'మీరు' ఎవరిని ఎక్కడ వాడాలో వచ్చేస్తుంది. ఎదురు ఫ్లాటులో ముప్ఫై ఏళ్ళావిడ 'ఆంటీ, మీరు'. ఇంట్లో గిన్నెలు తోమే యాభై ఏళ్ళావిడ పేరు పెట్టి 'నువ్వు'. యాదమ్మా, నా బాటిల్ ఎక్కడ పెట్టావ్? ఈ మాట అన్న పిల్లకి వ్యాకరణం పూర్తిగా వచ్చినట్టే. వయసుకి గౌరవం ఇవ్వడం మన సంస్కృతి అని గొప్పగా చెప్పుకుంటాం కదా, యాదమ్మ వయసు ఆ సంస్కృతి లెక్కలోకి రాలేదు. నాన్న అమ్మని 'నువ్వు' అంటాడు, ఏమే అంటాడు. అమ్మ నాన్నని 'ఏమండీ' అంటుంది. అదీ పిల్ల వింటుంది.

మన వ్యాకరణంలోనే ఒక చిత్రం ఉంది. ఏకవచనంలో స్త్రీ మనుషుల వైపు లేదు. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. గుంపులో కలిస్తేనే ఆమె మనిషి అవుతుంది, వాళ్ళు వచ్చారు అంటాం. 'గారు' తగిలించి, బహువచనం చేసి, చదువుకున్న స్త్రీలం ఆ గీత దాటాం. మనల్ని 'వచ్చారు' అంటారిప్పుడు. అదే నోటితో ఫోనులో స్నేహితురాలికి చెప్తాం: పనిమనిషి ఇంకా రాలేదే, అది ఎప్పుడూ ఇంతే. 'ఆమె' కూడా కాదు, 'అది'. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న పిల్లకి వేరే పాఠమెందుకు?

ఇంకో మాట చూడండి. అంటడమంటే తాకడం. తాకకూడని మనిషి అంటరానివాడు. మైల పడితే అంటు. భోజనం అయ్యాక మిగిలిన గిన్నెలు అంట్లు. ముట్టుకోవడం నుంచి వచ్చిన ముట్టు, నెలనెలా ఆడపిల్లని గది మూలకి నెట్టే మాట. తాకడమనే ఒక్క పని చుట్టూ కులాన్ని, ఆడ శరీరాన్ని, ఎంగిలి గిన్నెల్ని ఇంత దగ్గరదగ్గరగా పేర్చిపెట్టుకున్న భాష మనది. ఇప్పటి ఇళ్ళలో 'మైల' అన్న మాట వినపడదు, 'శుభ్రత' అంటున్నారు. ముట్టు వచ్చిన అమ్మాయిని గుమ్మం బయట కూర్చోబెట్టడం మీద మనం పోరాడాం, కొంత గెలిచాం. ఆ గుమ్మం బయట అంతకుముందునుంచీ ఇంకొకామె కూర్చుని ఉందన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుకురాలేదు. ఆమె గ్లాసు ఇప్పటికీ కిటికీలోనో బాల్కనీలో మొక్కల మధ్యో బోర్లించి ఉంటుంది. వాళ్ళు తిని కడిగిన గిన్నెలన్నీ ఆమె చేతులమీదుగా పోతాయి. ఆమె తాగిన గ్లాసు మాత్రం ఆ గిన్నెల్లో కలవదు. పిల్లలు అడుగుతారు కూడా, అమ్మా, ఆ గ్లాసెందుకు అక్కడుంది అని. 'అది యాదమ్మదిలే' అంటాం. ఆ జవాబులో ద్వేషం ఏమీ లేదు. మామూలుగా, చపాతీ ఒత్తుకుంటూ చెప్తాం. అందుకే అంత బలంగా నాటుకుంటుంది.

ఇదంతా నా అనుమానం కాదు. 2011–12లో జరిగిన రెండో విడత భారత మానవాభివృద్ధి సర్వే 42 వేలకు పైగా ఇళ్ళకి వెళ్ళి, మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని అడిగింది. లేదన్నవాళ్ళని ఇంకో ప్రశ్న అడిగింది: షెడ్యూల్డు కులాల మనిషి మీ వంటింట్లోకి వస్తే, మీ గిన్నెలు వాడితే పర్వాలేదా? రెండూ కలిపితే 27 శాతం ఇళ్ళు ఏదో రూపంలో పాటిస్తున్నామని ఒప్పుకున్నాయి. బ్రాహ్మణ కుటుంబాల్లో అది 52 శాతం. ఇది ఇంటికొచ్చిన కొత్తమనిషి ముందు నోరు తెరిచి ఒప్పుకున్నవాళ్ళ లెక్క. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 17వ అధికరణం 1950లో అమల్లోకి వచ్చింది. అది కార్యాలయానికి, బడికి, బావికి, గుడికి చేరింది, కనీసం కాగితం మీద. వంటింటి గడప దాటించాల్సిన పని మనకి మిగిలింది. మనం దాన్ని గాజు సీసాలో చీటీలుగా మార్చాం.

ఇప్పుడు ఆ 'మన' సంగతి. మాది పాలమూరు జిల్లాలో ఒక చిన్న పట్నం. మాదిగ కుటుంబం. అమ్మ ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఆయా. పిల్లల్ని రిక్షా దించుకోవడం, ముక్కులు తుడవడం, చిన్నపిల్లలకి కడగడం, గదులు ఊడవడం. బడిలో అందరికీ ఆమె 'ఆయా'నే. నర్సరీ పిల్లలకీ, ప్రిన్సిపాలుకీ. అమ్మకొక పేరుందని ఆ బడిలో జీతం రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఫీజు మాఫీ చేసి అదే బడిలో చేర్చుకున్నారు. మొదటిరోజు టీచరు నన్ను నిలబెట్టి, ఈ పాప మన ఆయా కూతురు, పాపం వాళ్ళకి ఏమీ లేదు, మీరందరూ తనతో మంచిగా ఉండాలి అంది. మంచి టీచరే. నవ్వుతూనే చెప్పింది.

పిల్లలు టీచరు మాట విన్నారు. సగం వాడిన పెన్సిళ్ళిచ్చారు. చివర్లో పేజీలు మిగిలిన నోటుబుక్కులిచ్చారు. బెంచీ మీద జరిగి చోటిచ్చారు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచినప్పుడు మాత్రం ఒకళ్ళ డబ్బాలోంచి ఒకళ్ళు తీసుకుంటూ గుండ్రంగా కూర్చునేవాళ్ళు. నా డబ్బాలో ఏముందో ఒక్కళ్ళూ అడగలేదు. ఒక్క పిల్ల మాత్రం నాతో నిజంగా ఆడేది. తాడాట దగ్గర ఒకరోజు తగువొచ్చి అది నన్ను కొట్టింది, నేనూ దాన్ని కొట్టాను. టీచరు దాన్ని పిలిచి, పాపం ఆ పిల్లని కొట్టొచ్చా అని సారీ చెప్పించింది. నేను కొట్టినదాని గురించి నన్నెవరూ ఏమీ అనలేదు. నాకు సారీ చెప్పే బాధ్యత కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత ఆ పిల్ల నాతో జాగ్రత్తగా ఉండటం మొదలుపెట్టింది. నాకు తాడాట పోయింది.

అందుకే దయ పాఠాల గురించి ఎవరైనా చెప్తుంటే నేను రెండోవైపు నుంచి వింటాను. ఆ పాఠానికి ఉదాహరణగా నిలబడిన పిల్లని కదా. దయ చూపడానికి అవతలి మనిషి గురించి ఏమీ తెలియనక్కర్లేదు. ఆమె డబ్బాలో ఏముందో, ఆమెకి ఏ ఆట ఇష్టమో, ఆమె తిరిగి కొడితే ఎలా ఉంటుందో అక్కర్లేదు. చెయ్యి చాపినవాళ్ళకి ఇస్తే సరిపోతుంది. పైగా ఇచ్చినవాళ్ళకి ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది. తెలుగులో 'ఇక దయచేయండి' అంటే బయటికి నడవమని కూడా అర్థం వస్తుంది. ఆ అర్థం మా అమ్మకి బాగా తెలుసు. బడి యజమాని ఇంటికి పండక్కి వెళ్ళొచ్చి అనేది: "మంచోళ్ళే బిడ్డా. మంచిగనే మాట్లాడ్తరు. గిలాస మాత్రం వేరే వెడ్తరు."

దీనికి ఒక జవాబుంటుంది, నా మొహం మీదే చాలామంది చెప్పారు. ఆ దయే లేకపోతే నువ్వు ఈరోజు డాక్టరేటు చేసి ఇలా విమర్శించగలిగేదానివా? వినడానికి గట్టి వాదనే. లెక్క వేసి చూడండి. అమ్మ ఆ బడిలో పందొమ్మిదేళ్ళు చేసింది. ఆమెకి చేసిన పనికి తగ్గ జీతం ఇచ్చి ఉంటే నా ఫీజు ఆమే కట్టేది. ఫీజు మాఫీ చేయడం జీతం పెంచడం కన్నా చవక. పైగా వార్షికోత్సవంలో చెప్పుకోవడానికి ఉంటుంది. ఫీజు కట్టిన తల్లి కూతురిగా నేను క్లాసులో నిలబడి ఉంటే, ఆ తాడాట తగువులో నాక్కూడా సారీ చెప్పే వంతు వచ్చేదేమో.

ఇంకో వాదన ఉంది. పిల్లలు అమాయకులు, వాళ్ళకి కులం మతం తెలియవు, మనమే చెప్పి ఎందుకు పాడుచేయాలి? అందరూ సమానమే అని చెప్తే చాలదా? ఈ మాట అనేవాళ్ళు ఎవరో గమనించండి. ప్రభుత్వ బడుల్లో చదువుకున్న దళిత, ఆదివాసీ రచయితల బాల్య జ్ఞాపకాలు ఏవి తీసినా స్కాలర్‌షిప్పు కాగితాల రోజు వస్తుంది. ఎస్సీలు లేవండి, ఎస్టీలు లేవండి. ఏడేళ్ళ పిల్లకి తన కులమేమిటో క్లాసు మొత్తం ముందు తెలుస్తుంది. తన కూతురికి కులం తెలియకుండా పెంచే సౌకర్యం ఆ తల్లికి ఎవరూ ఇవ్వలేదు. తెలియకుండా పెంచుతున్నామని చెప్పే ఇళ్ళలో మాత్రం నిజంగా తెలియకుండా ఉందా? 'వాళ్ళు మనవాళ్ళేనా?' అన్న ప్రశ్న వినకుండా పెరిగిన తెలుగు పిల్ల ఎక్కడుంది? కోస్తా వైపు 'మీరేవిట్లు?' అంటారు ఎంతో మర్యాదగా, బహువచనంలో. ఇంటిపేరు అడిగి ఊరి పేరు అడిగి లెక్కగట్టడం నాయనమ్మకే కాదు, ఇంజనీరింగు చదివిన పిన్నికీ వచ్చు. కులం పేరు ఆ ఇంట్లో చెప్పరు, నిజమే. 'మన' అన్న రెండక్షరాలు ఆ పనంతా చేసిపెడతాయి. అందరూ సమానమే అన్న మాట వీటి పక్కనే, వీటిని ఏమాత్రం కదిలించకుండా, గోడమీద క్యాలెండర్లా వేలాడుతుంటుంది.

అమాయకత్వం గురించి ఒక ఉదంతం. బడి భోజనం వండే పనిలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. పదిహేడేళ్ళ తర్వాత, 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ ప్రభుత్వ బడిలో ఒక దళిత స్త్రీని భోజనమాతగా నియమిస్తే అగ్రవర్ణ పిల్లలు ఆమె వండిన అన్నం తినలేదు. ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. అధికారులు నియామకంలో లోపాలున్నాయంటూ ఆమెను తీసేశారు, గొడవ పెద్దదయ్యాక తిరిగి తీసుకున్నారు. ఈ మధ్యలో జరిగిన సంగతి ఒకటుంది, నాకు అదే ముఖ్యం. ఆమె స్థానంలో వచ్చిన అగ్రవర్ణ స్త్రీ వండిన అన్నాన్ని దళిత పిల్లలు తినమన్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు. ఈ రెండు గుంపుల పిల్లలకీ ఇళ్ళలో చెప్పారు. ఒక ఇల్లు ఎవరి చేతి అన్నం తినకూడదో చెప్పింది. ఇంకో ఇల్లు అవమానాన్ని ఎలా తిప్పికొట్టాలో చెప్పింది. ఈ రెండో పాఠానికి మన పెంపకం పేజీల్లో పేరు లేదు. అది దయ కిందికి రాదు, వైవిధ్యం కిందికీ రాదు. బహుశా 'మొండితనం' అంటారు.

అసలా వైవిధ్యం అన్న మాట పిల్లల దగ్గర వేషాల పోటీగా మారిపోయింది. ఒకడు పంచె, ఒకడు తలపాగా, ఒకమ్మాయి లంబాడీ అద్దాల రవిక, ఒకమ్మాయి బురఖా. భిన్నత్వంలో ఏకత్వం అని బోర్డు. అద్దాల రవిక వేసుకున్న అమ్మాయి తరగతిలో ఎంతమంది లంబాడీ పిల్లలున్నారని అడగండి. ప్రైవేటు బడులు నాలుగోవంతు సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకి ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. ఆ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో తేల్చింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండేళ్ళు దాటితేగానీ అది కదల్లేదు. ఆ ఏళ్ళన్నీ యాజమాన్యాలు ఫీజుల లెక్కలు చెప్పాయి. తల్లిదండ్రులు, ముఖ్యంగా తల్లులు, వాళ్ళతో కలిస్తే మా పిల్లల భాష పాడవుతుందన్నారు. వేషానికి లంబాడీ రవిక కావాలి, పక్క బెంచీకి లంబాడీ పిల్ల వద్దు. రంజాన్ నెలలో పిల్లల్ని తీసుకెళ్ళి హలీమ్ తినిపించి ఇదే మన హైదరాబాదు సంస్కృతి అని చెప్తాం. ఇంటికొచ్చాక కింది పోర్షను అద్దెకి ఫోనొస్తుంది. అవతల పేరు వినగానే, సారీ అండీ, ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం అంటాం. హలీమ్ తిన్న పిల్ల అక్కడే ఉంటుంది, ఆ పోర్షను ఇంకా ఖాళీగానే ఉందని దానికి తెలుసు.

ఈ వైవిధ్యం, కలుపుకుపోవడం అన్న మాటలు ఇటీవల మన ఇళ్ళకి ఎక్కువగా అమెరికా నుంచి వస్తున్నాయి, అక్కడున్న అక్కాచెల్లెళ్ళ ద్వారా, వాళ్ళ పిల్లల బడుల ద్వారా. రంగు కారణంగా తమ పిల్లలకి అక్కడ ఎదురయ్యే చిన్నచూపు వాళ్ళకి తెలుసు, దాని గురించి గట్టిగా మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. కానీ 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించినప్పుడు, అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు వచ్చినప్పుడు, దాన్ని వ్యతిరేకించిన భారతీయ సంఘాల వాదన ఏమిటి? కులం గురించి చట్టంలో రాస్తే మా పిల్లల్ని అనుమానంగా చూస్తారు. మళ్ళీ పిల్లలే, మళ్ళీ అమాయకత్వమే. ఆ బిల్లుని గవర్నరు 2023 అక్టోబరులో తిప్పిపంపాడు. 2025 జనవరిలో ఆ దేశ అధ్యక్షుడు వైవిధ్యం పేరుతో నడిచే ప్రభుత్వ కార్యక్రమాల్నే ఉత్తర్వుతో గెంటేశాడు. అద్దెకి తెచ్చుకున్న మాటలకి ఈ ఇబ్బంది ఉంటుంది, ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి లాక్కుంటాడు. మనకి 'ఆత్మగౌరవం' అనే మాట ఉంది. అది ఇక్కడ, ఎండలో పుట్టిన మాట.

ఈ పెంపకానికి ఆఖరి పరీక్ష ఎప్పుడో మనందరికీ తెలుసు. పెళ్ళప్పుడు. ఇందాక చెప్పిన సర్వేలోనే కులాంతర వివాహాలు 5 శాతం దగ్గర తేలాయి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్ళముందు ప్రణయ్‌ని నరికి చంపారు. అమ్మాయి తండ్రే డబ్బిచ్చి చేయించాడని పోలీసులు అభియోగం మోపారు, తీర్పు రాకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రోజుల్లో బస్సుల్లో, స్టాఫ్ రూముల్లో నేను విన్న మాట 'ఎంతైనా తండ్రి ప్రేమ కదా' అని. అన్నవాళ్ళు క్రూరులేం కాదు. వాళ్ళలో కొందరు వీధికుక్కలకి పాలు పోస్తారు. దయ ఉన్న ఇంట్లో కులం హాయిగా బతకగలదని ఇంతకన్నా ఎలా చెప్పను?

పిల్లలకి ఏ పుస్తకాలివ్వాలి అని ఆ అపార్టుమెంటు తల్లులు అడిగారు. అన్వేషి సంస్థ తయారుచేసిన 'డిఫరెంట్ టేల్స్' వరస 2008లో వచ్చింది, తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో. అందులో గోగు శ్యామల రాసిన తాటకి కథ ఉంది, ఒక పిల్ల దొరని ఎదిరించే కథ. మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన తలకాయకూర కథ ఉంది, ఒక ముస్లిం ఇంట్లో ఆ కూర వండుకోవడంలోని సంబరం. గోపిని కరుణాకర్ కథ ఉంది. 2007లో కంచ ఐలయ్య పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు, తోలుపని, కుండపని, చాకలిపని, మంగలిపని ఒక్కొక్కటీ ఎంత జ్ఞానమో చెప్తూ. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. ఈ కథల్లోని పిల్లల్ని చూసి ఎవరూ పాపం అనలేరు, అంత చోటు వాళ్ళివ్వరు. నేను తలకాయకూర కథ చెప్తానంటే నిర్వాహకురాలు నన్ను పక్కకి పిలిచి, మేడమ్, కొంతమంది పిల్లలకి ఇబ్బందిగా ఉంటుందేమో, వేరేది చెప్పండి అన్నారు. దయ వారం కదా, కుందేలు కథ ఉంటే బావుంటుందన్నారు. నేను తలకాయకూరే చెప్పాను. పిల్లలకి ఏ ఇబ్బందీ కలగలేదు. ఒకబ్బాయి, మెదడు విడిగా వండుతారా కలిపే వండుతారా అని అడిగాడు.

పుస్తకాలతోనే అయిపోతుందని నేననుకోను. పుస్తకం మూసి పిల్ల లేచి వెళ్ళేది అదే ఇంట్లోకి కదా. ఆ ఇంట్లో మార్చాల్సినవి పెద్ద విషయాలేమీ కాదు, అందుకే అంత కష్టం. యాదమ్మని పిల్ల 'మీరు' అనాలి, పెద్దవాళ్ళు ముందు అనాలి. గ్లాసు బాల్కనీలోంచి అల్మరాలోకి రావాలి. పాత బొమ్మలిచ్చే బదులు పిల్లని యాదమ్మ ఇంటికి పంపి అక్కడ అన్నం తిననివ్వాలి, అడిగి, పిలిస్తేనే. మన పిల్ల అక్కడ అతిథి అవుతుంది. పుచ్చుకోవడం ఎలాగో నేర్చుకోని పిల్లకి ఇవ్వడం ఎలా వస్తుందో నాకు తెలియదు.

జీతం ఎంతో పిల్లల ముందే మాట్లాడండి. ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక తెచ్చింది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, వీళ్ళకి చట్టం ఎలా ఉండాలో చూడటానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ ఒడంబడికలో వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉంది. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఈ ఆదివారమే ఇవ్వొచ్చు. మరి ఆదివారం అంట్లు ఎవరు తోముతారని అడుగుతారు. ఇంట్లో తండ్రి ఉన్నాడు, ఆ రోజు ఆఫీసు లేదు. పదేళ్ళు దాటిన కొడుకున్నాడు. పీచూ సబ్బూ సింకు పక్కనే ఉన్నాయి.